చెరువు మట్టి తోలిన గరువులో నీరు ఎటు పోతోంది: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ ఆఖరు

మావయ్య చెరువు మట్టి తోలిస్తున్నాడు. చీపురుపల్లి నుంచి గరివిడి పోయే రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి తిరిగితే వాళ్ల ఊరు, చుట్టూ ఎర్ర గరువులే, అంటే మెట్ట నేలలే, పల్లంలో మాత్రం వరి. ఆయనకున్న మెట్టలో ఒక ఎకరం మరీ ఇసుకపాలు ఎక్కువ. మొక్కజొన్న వేస్తే వాన ఆగిన కొద్ది రోజులకే మధ్యాహ్నం పూట ఆకు చుట్టుకుపోతుంది. "జల్లెడలో పోసినట్టేరా అల్లుడూ, ఎంత వానొచ్చినా కిందకెల్లిపోద్ది" అంటాడు. అందుకని చెరువు ఎండిన ఈ నెలలో పూడిక ఎత్తించి ఎకరానికి నలభై ట్రాక్టర్లు.

నీళ్లు నిండని నేలలో నీరు ఎలా కదులుతుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాయాలని నాకు ఎప్పటి నుంచో దురద. రెడీమేడ్‌గా హైడ్రస్ ఉంది, అందరూ వాడతారు, కానీ మన చేత్తో రాయకపోతే ఎక్కడ ఏం జరుగుతోందో తెలియదు. ఇప్పుడు చేతిలో ఒక పొలం, 'ఈ మట్టి వల్ల ఎంత నీరు ఎక్కువ నిలుస్తుంది' అన్న ఒక ప్రశ్న, దానికి డబ్బు ఖర్చు పెడుతున్న మనిషి ఉన్నారు. అంతకన్నా ఏం కావాలి?

ముందు కాగితం మీద ఒక చిన్న భాగహారం. ట్రక్కుకి దగ్గర దగ్గర 3 ఘనపు మీటర్లు అనుకుంటే నలభై ట్రక్కులకి 120. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. భాగిస్తే 3 సెంటీమీటర్లు, అంతే. గట్టు మీద నిలబడి చూస్తే నల్లటి కుప్పలు పొలమంతా కమ్మేసినట్టు ఉంటాయి గానీ, పరిచాక రెండు వేళ్ల మందం. చెరువు మట్టి గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ లెక్క చెప్పరెందుకో. మావయ్యకి చెబితే "మూడు సెంటీమీటర్లు అంటే ఏపాటిరా?" అని వేళ్లు పెట్టి చూసుకుని, ఇంకేమీ అనలేదు.

మే మొదట్లో

ఈ వారం అంతా మట్టి పని. లెక్కలోకి ఏ అంకె వెళ్లాలన్నా అది నేలలోంచి రావాలి.

5 సెం.మీ. ఎత్తు, 5 సెం.మీ. వ్యాసం ఉన్న ఇనుప రింగు ఒకటి వర్క్‌షాపులో కోయించాను, ఒక అంచు పదును పెట్టించి. లోపలి ఘనపరిమాణం 98 ఘన సెం.మీ. బోరు నీళ్లు పెట్టి రెండు రోజులు వదిలేసిన చోట గరువులో పై పొర తీసేసి, రింగు మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో నెమ్మదిగా దించాలి. అడ్డదిడ్డంగా కొడితే మట్టి లోపల గట్టిపడిపోతుంది, అప్పుడు అంకెలన్నీ దండగ. చుట్టూ తవ్వి, రింగుని అడుగు నుంచి పారతో ఎత్తి, రెండు వైపులా కత్తితో సమంగా చెక్కి, వెంటనే కవర్లో కట్టేశాను. ఇంటికొచ్చి తూస్తే, రింగు బరువు పోను 169 గ్రాములు. ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆరబెడితే 155. అంటే 14 గ్రాముల నీరు, ఘనపరిమాణం ప్రకారం 14 శాతం. పొడి మట్టి సాంద్రత 155ని 98తో భాగిస్తే 1.58. మట్టి రేణువుల సాంద్రత మామూలుగా 2.65 తీసుకుంటారు కాబట్టి ఖాళీ జాగా 40 శాతం. ఈ 40 గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఓవెన్ సంగతి అమ్మకి ముందు చెప్పలేదు. "కేకులు చేసుకునే దాంట్లో మట్టి కాలుస్తావేటి?" అని ఇప్పటికీ సాధిస్తోంది.

రెండు మట్టుల్నీ విడివిడిగా సీసాల్లో నీళ్లు పోసి గిలక్కొట్టి పెట్టాను. గరువు మట్టిలో ఇసుక నిమిషం తిరక్కుండానే అడుగున కూర్చుంది, సీసాలో మట్టిలో మూడొంతులకు దగ్గరగా అదే. చెరువు మట్టి సీసా మర్నాటికీ తేరుకోలేదు, పైన నీళ్లు టీ రంగులోనే ఉన్నాయి. బంకపాలు బాగా ఉందన్నమాట.

నీళ్లు దిగే వేగం చూడ్డానికి 30 సెం.మీ. వ్యాసం పైపు ముక్క, దాని చుట్టూ కోసిన డ్రమ్ము. లోపల, బయట రెండింట్లోనూ నీళ్లు పోసి, లోపలి మట్టం ఎంత తగ్గుతోందో స్కేలు పెట్టి చూడటమే. బయట రింగు ఎందుకంటే, అది లేకపోతే లోపలి నీళ్లు పక్కలకి పాకిపోయి వేగం ఎక్కువ చూపిస్తుంది. గరువు మొదట గబగబా తాగింది, తర్వాత గంటకు నాలుగు సెంటీమీటర్ల దగ్గర నిలకడకొచ్చింది. చూసిపోదామని వచ్చిన పక్క పొలం తాత "నీలు పారబోసి ఏటి సూస్తన్నావు బావూ?" అని అడిగి, జవాబు విని, బీడీ వెలిగించుకుని అక్కడే కూర్చున్నాడు. టైము చూసి చెప్పే పని ఆయనకే అప్పగించాను.

మే ఆఖరు

ఇప్పుడు సమీకరణం. భయపడక్కర్లేదు, దీని చరిత్ర చెబితే సగం అర్థమైపోతుంది.

1856లో ఫ్రాన్సులో, దిజాన్ నగరానికి నీటి సరఫరా పని చేసిన హెన్రీ డార్సీ ఇసుకలోంచి నీళ్లు పంపి చూసి, వేగం అనేది మట్టం తేడా మీద ఆధారపడుతుందని, దాన్ని ఇసుక తాలూకు ఒక స్థిరాంకంతో గుణిస్తే సరిపోతుందని తేల్చాడు. అది పూర్తిగా నీళ్లు నిండిన ఇసుక. 1907లో అమెరికాలో ఎడ్గార్ బకింగ్‌హామ్ దాన్ని సగం ఆరిన నేలకి తెచ్చాడు. అక్కడ రంధ్రాల్లో కొంత నీరు, కొంత గాలి. మట్టి ఆ నీటిని పట్టుకుని లాగుతుంటుంది, నీరు తగ్గేకొద్దీ పట్టు పెరుగుతుంది, నీటిని వదిలే వేగం పడిపోతుంది. 1931లో లొరెంజో రిచర్డ్స్ దీనికి 'వచ్చిన నీరు, పోయిన నీరు, మిగిలిన నీరు సరిపోవాలి' అన్న లెక్కని కలిపి రాసిందే రిచర్డ్స్ సమీకరణం. చూడ్డానికి ఒక లైనే. ఒళ్లంతా విషం ఎందుకంటే, అందులో నీటి వాహకత, అంటే మట్టి నీటిని ఎంత వేగంగా పోనిస్తుందన్నది, స్థిరాంకం కాదు. ఏది కనుక్కోవాలో దాని మీదే అది ఆధారపడి ఉంటుంది.

ఆ ఆధారపడటాన్ని ఒక ఫార్ములాలో పెట్టింది 1980లో వాన్ గెనుక్టెన్, 1976 నాటి ములెం పద్ధతి తీసుకుని. మట్టికి ఐదు అంకెలు ఇస్తే చాలు, ఎంత సక్షన్ (మట్టి నీటిని పట్టి లాగే బలం) దగ్గర ఎంత నీరుంటుందో, ఎంత వేగంతో కదులుతుందో వచ్చేస్తుంది. ఐదింటినీ కొలిచే ల్యాబ్ నాకు లేదు కాబట్టి, 1988లో కార్సెల్, ప్యారిష్ మట్టి రకాల వారీగా ఇచ్చిన సగటు విలువలు తీసుకున్నాను. గరువుకి 'శాండీ లోమ్', అంటే ఇసుకపాలు ఎక్కువున్న మట్టి: ఖాళీ జాగా 0.41, నిండినప్పుడు వాహకత రోజుకి 106 సెం.మీ. నా రింగులో వచ్చింది 40 శాతం, గంటకు నాలుగు సెం.మీ. అంటే రోజుకి 96. అమెరికా పట్టిక మన గరివిడి గరువుకి ఇంత దగ్గరగా వస్తుందని నేనైతే అనుకోలేదు. చెరువు మట్టికి బంకపాలు ఎక్కువున్న 'క్లే లోమ్' తీసుకున్నాను, వాహకత రోజుకి 6.24 సెం.మీ. దీని మీద అంత నమ్మకం లేదు, పూడికమట్టి చెరువులో ఒక మూల ఒకలా, మదుం దగ్గర ఇంకోలా ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగి చేత్తో లెక్క వేసుకోవడం మంచిది, ఎందుకంటే అసలు కథంతా ఇందులోనే ఉంది.

రెండు మట్టులూ పూర్తిగా తడిసి ఉంటే గరువు 17 రెట్లు వేగంగా నీళ్లు వదులుతుంది. అది అందరికీ తెలిసిందే. రెండింటినీ -100 సెం.మీ. దగ్గరకి, అంటే మీటరు ఎత్తు నీటి స్తంభమంత లాగుడు ఉన్న స్థితికి ఆరబెట్టండి. గరువు వాహకత రోజుకి 0.0046 సెం.మీ.కి పడిపోతుంది. 106 ఎక్కడ, ఇదెక్కడ! ఇరవై వేల రెట్లకు పైగా తగ్గింది. అదే స్థితిలో చెరువు మట్టి 0.036 దగ్గర ఉంటుంది. అంటే ఇప్పుడు చెరువు మట్టే దాదాపు 8 రెట్లు వేగం. ఇసుకలో పెద్ద రంధ్రాలు ముందు ఖాళీ అయిపోతాయి, ఖాళీ అయిన రంధ్రంలో నీటికి దారి లేదు. బంకలో సన్న రంధ్రాలు ఇంకా నిండే ఉంటాయి.

కాబట్టి 'కింద ఇసుక ఉంది, నీళ్లు లాగేస్తుంది' అనే మాట అన్నివేళలా నిజం కాదు. ఎండిన ఇసుక నీటిని లాగదు, పైన మట్టి బాగా తడిసి పట్టు వదిలేదాకా అలా చూస్తూ ఉంటుంది.

జూన్ మొదట్లో

కోడ్. పైథాన్, అందులో లెక్కలకి వాడే నమ్‌పై, సైపై, అంతకు మించి ఏమీ లేదు. మీటరున్నర లోతు నేలని సన్నని పొరలుగా కోసి, ఒక్కో పొరకి ఒక తెలియని విలువ, ఒక్కో టైమ్ స్టెప్పులో మూడు వికర్ణాల మాత్రిక ఒకటి పరిష్కరించడం, వాహకత మారింది కాబట్టి మళ్లీ పరిష్కరించడం, తేడా తగ్గేదాకా.

సమీకరణాన్ని సక్షన్ ఒక్కదానితో రాస్తే కోడ్ తేలిక, కానీ నీరు మాయమవుతుంది. నిజంగానే. పైన పోసింది ఇంత, లోపల పెరిగింది అంతకన్నా తక్కువ, కింద నుంచి ఏమీ పోలేదు. ఒక్క స్టెప్పులోనే మట్టి లక్షణం బాగా మారిపోతుంటే, ఆ స్టెప్పుకంతటికీ ఒకే విలువ వాడటం వల్ల వచ్చే తేడా అది. 1990లో సీలియా, బూలూటాస్, జార్బా దీనికి చక్కటి మందు చెప్పారు: తేమనీ సక్షన్‌నీ రెండింటినీ సమీకరణంలో ఉంచి, ప్రతి పునరావృతంలో తేమని సరిచేసుకుంటూ పోవడం. రెండు పద్ధతులూ పక్కపక్కన నడిపి చూశాను. స్టెప్పు పెద్దది చేసేకొద్దీ మొదటి దాంట్లో తడి అంచు, అంటే నీరు ఎంతదాకా దిగిందో ఆ హద్దు, వెనకబడిపోతుంది, రెండో దాంట్లో నీటి లెక్క పైసల్తో సహా సరిపోతుంది. సరిచూసుకోడానికి వాళ్లు వాడిన ఉదాహరణే తీసుకున్నాను: అంతా -1000 సెం.మీ. దగ్గర ఉన్న మట్టి, పైన -75 పెట్టి ఒక రోజు వదిలేయడం. ఎవరైనా సొంత కోడ్ రాస్తుంటే ముందు దీన్ని దాటించండి, తర్వాతే పొలం దగ్గరకి వెళ్లండి.

రెండో ముడి పొరల సరిహద్దు. పైన తడిసిన చెరువు మట్టి, కింద ఎండిన గరువు. రెండింటి మధ్య నీరు దాటాలంటే ఏ వాహకత వాడాలి? మామూలు సగటు తీసుకుంటే తడి మట్టిదే పెత్తనం, నీరు తొందరగా దిగుతుంది. గుణించి వర్గమూలం తీసే సగటు వాడితే ఎండిన వైపు అంకె ఎంత చిన్నదంటే ప్రవాహం ఊపిరాడక అక్కడే ఆగిపోతుంది. ఏ సగటు మంచిదన్న దాని మీద బోలెడు వాదనలున్నాయి. నా మటుకు నాకు సగటు గొడవకన్నా గ్రిడ్ సన్నం చేయడమే సుఖం అనిపించింది. సరిహద్దు దగ్గర పావు సెంటీమీటరు పొరలు పెట్టేసరికి రెండు సగటులూ దాదాపు ఒకే జవాబు దగ్గరకొచ్చాయి. ల్యాప్‌టాప్ ఫ్యాను మోగిపోతుంది, మోగనీ.

జూన్, మట్టి పరిచాక

మావయ్య ఆలోచన మట్టి పరిచి, రెండు వానలు పడ్డాక నిదానంగా దున్నిద్దామని. మోడల్ దానికి ఒప్పుకోలేదు.

మూడు సెంటీమీటర్ల నల్లమట్టి కింద గరువు, పైన నీళ్లు నిలిచాయి అనుకుందాం. నల్లమట్టి పొర దాటే వేగం, కింద గరువు ఆ నీటిని తీసుకుపోగలిగే వేగం సమానం అయ్యే చోట ప్రవాహం నిలకడకొస్తుంది. ఈ లెక్క కంప్యూటర్ లేకుండా కూడా చేయొచ్చు: నల్లమట్టి పొర పూర్తిగా నిండి ఉందనుకుని, సరిహద్దు దగ్గర సక్షన్ ఊహించుకోవడం, రెండు వేగాలూ చూడటం, మార్చుకుంటూ పోవడం. దాదాపు 8 సెం.మీ. దగ్గర రెండూ కలుస్తాయి, వేగం రోజుకి 22 సెం.మీ. అంటే గంటకి 9 మి.మీ. ఉత్త గరువు అయితే 44 మి.మీ. పోయేది. ఐదో వంతుకి పడిపోయింది, అదీ రెండు వేళ్ల మందం మట్టికి! పైగా సరిహద్దు దగ్గర ఇంకా సక్షన్ ఉందంటే, పైన నీళ్లు నిలిచి ఉన్నా కింద గరువు పూర్తిగా నిండలేదని అర్థం. మన దగ్గర జూన్, జూలైలో ఉరుముల వాన గంటకి 9 మి.మీ.తో ఆగుతుందా? మిగతాది గట్టు దాటి గెడ్డలోకి పోతుంది, తోలిన మట్టిలో కొంత కూడా పట్టుకుపోతుంది.

"అయితే దున్నెయ్యమంటావు" అన్నాడు. సగం దున్నండి మావయ్యా, సగం నాకు వదిలెయ్యండి అన్నాను. "నా పొలంలో నీ పరీచ్చలేట్రా" అంటూనే సగానికి రోటావేటర్ వేయించాడు, పదిహేను సెం.మీ. లోతుకి. రెండు సగాల్లోనూ 10, 30 సెం.మీ. లోతుల్లో తేమ చూపించే కెపాసిటివ్ సెన్సర్లు పాతాను. వీటిని కొన్న చోట ఇచ్చిన కాగితం మీది అంకెలు నమ్మకూడదు. అదే మట్టిని కొంచెం కొంచెం తడుపుతూ, తూకం వేసుకుంటూ ఎవరి పట్టిక వాళ్లు తయారు చేసుకోవాలి. చిన్న టెన్షన్ ఏంటంటే ఎలుకలు. వైర్లన్నీ పాత డ్రిప్ పైపుల్లోంచి తీశాను.

జూన్ ఆఖరు, మొదటి పెద్ద వాన

మోడల్ చెప్పిన దానికి పూర్తిగా ఉల్టా.

దున్నని సగంలో 30 సెం.మీ. సెన్సర్ ముందు కదిలింది, 10 సెం.మీ. సెన్సర్ తర్వాత. పై దానికి తెలియకుండా కింద దానికి నీరు ఎలా చేరింది? పొలంలోకి వెళ్తే జవాబు కాళ్ల కింద ఉంది. పరిచిన నల్లమట్టి ఎండకి ఆరి నెర్రెలిచ్చింది, చిటికెన వేలు దూరే పగుళ్లు, గరువు కనిపించేదాకా. వాన నీరు మట్టిలోంచి కాదు, ఆ పగుళ్లలోంచి నేరుగా కిందకి దిగింది. రిచర్డ్స్ సమీకరణానికి పగులు అంటే ఏంటో తెలియదు, దానికి నేలంతా సన్న రంధ్రాల ఏకరీతి సరుకు. ఇలాంటి నీటికి వేరే దారి కలిపే మోడళ్లు ఉన్నాయి, రెండు రకాల రంధ్రాలు ఒకదానికొకటి నీరు ఇచ్చిపుచ్చుకునేవి. వాటికి కావలసిన అంకెలు పొలంలో కొలవడం నా వల్ల కాదు. కాబట్టి పగుళ్లున్నన్నాళ్లూ ఈ సగం మీద నా మోడల్ మాట చెల్లదు, దున్నిన సగం మీద చెల్లుతుంది. అక్కడ తడి అంచు దిగిన తీరు మోడల్ గీతకి చాలా దగ్గరగా ఉంది.

జూలై

ముసురు పట్టాక నల్లమట్టి ఉబ్బి పగుళ్లు మూసుకున్నాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం ఈదురుగాలితో గంటలోపే 30 మి.మీ.కి పైగా కొట్టింది, గొడుగు పట్టుకుని వెళ్లి చూశాను. దున్నని సగం మడిలా నిండి, పల్లం వైపు గట్టు మీదుగా నల్లగా పారుతోంది. దున్నిన సగంలో అక్కడక్కడా చిన్న మడుగులు, అంతే. రాత్రి డేటా దించుకుంటే దున్నని వైపు 30 సెం.మీ. దగ్గర తేమ దాదాపు కదల్లేదు, రెండో వైపు బాగా ఎక్కింది. ఈసారి మోడల్ దున్నని సగం మీద కూడా తీరుని సరిగ్గానే పట్టింది, పారిపోయిన నీటిని మాత్రం కాస్త ఎక్కువ చూపిస్తోంది. మట్టి సమంగా పరవలేదు కదా, కొన్నిచోట్ల ఒక సెంటీమీటరే ఉంది.

మావయ్య మర్నాడే మిగతా సగం కూడా దున్నించాడు, నన్ను అడక్కుండా. సెన్సర్లు ముందు రోజే పీకుకున్నాను కాబట్టి సరిపోయింది.

ఇంక ఆయన అసలు ప్రశ్న. కలిపేశాక ఎంత నీరు ఎక్కువ నిలుస్తుంది? -100 సెం.మీ. నుంచి మొక్క వాడిపోయే -15,000 దాకా లెక్కవేస్తే గరువు తన పరిమాణంలో 5.6 శాతం నీరు ఇవ్వగలదు, చెరువు మట్టి 18 శాతం. మూడు సెంటీమీటర్ల మీద తేడా 4 మి.మీ.కి కాస్త తక్కువ. దిట్టంగా ఎదిగిన మొక్కజొన్న ఎండ కాసే రోజున ఒక్క రోజులో తాగేది దగ్గర దగ్గర అంత. నలభై ట్రాక్టర్లకి ఒక్క రోజు! చెప్పడానికి నాకే మనసొప్పలేదు. అదే అంకెని ఎకరానికి మారిస్తే 15 వేల లీటర్లు, నేల బాగా తడిసిన ప్రతిసారీ. ఆయనకి రెండూ చెప్పాను. రెండోది విని "మూడు ట్యాంకర్ల నీలు కదరా, ఊరికే వస్తాదేటి" అని లేచిపోయాడు.

ఈ లెక్కలో లేనివి చాలా ఉన్నాయి. పూడికలో వచ్చే సేంద్రియ పదార్థం, పోషకాలు నా మోడల్‌కి కనపడవు, మొక్క పచ్చదనానికి అవే ముఖ్యం కావచ్చు. బంకపాలు కూడా అంతే: చెరువు మట్టిలో మూడో వంతు, గరువులో పదో వంతు అనుకుంటే, ఒకటికి నాలుగు పాళ్లలో కలిశాక 15 శాతం దగ్గర తేలుతుంది. అంటే పట్టికలో అది ఇంకా శాండీ లోమే, ఇంకో రకం మట్టిగా మారిపోలేదు. దున్నిన చోట రింగు పెట్టి చూస్తే గంటకి మూడు సెం.మీ. దిగుతోంది, గరువు కన్నా తక్కువ, వానకి సరిపడా ఎక్కువ.

తర్వాత చేయాల్సింది వేర్లు. ఇప్పటిదాకా నేల పైనుంచి ఆవిరయ్యేదే లెక్కలో ఉంది, మొక్క తాగడం లేదు. 1978లో ఫెడ్డెస్ బృందం ఇచ్చిన తీరులో, సక్షన్ పెరిగేకొద్దీ వేరు తాగే నీరు తగ్గేలా ఒక పదం కలపాలి. దానికి ముందు మొక్కజొన్న వేరు ఎంత లోతు దిగిందో చూడాలి, గట్టు పక్క వరసలో రెండు మొక్కలు తవ్వుకోమన్నాడు మావయ్య, కంకి వేశాక మాత్రం ముట్టుకోవద్దన్నాడు. వచ్చే ఏడు ఇంకో నలభై ట్రాక్టర్లు తోలితే ఎంత లాభమో కూడా అప్పుడే చెప్పమన్నాడు, ట్రాక్టరు కిరాయితో సహా.